ఫొటో వెనక ‘ఆరో ఏడు’: ఒక జపనీస్ హోటల్ చరిత్ర కేసు

కుటుంబ వ్యాపారాల చరిత్ర రాసిపెట్టడం నా పని. ఉండేది కాలిఫోర్నియాలో. బేకరీలు, లాండ్రీలు, పూల నర్సరీలు, హోటళ్లు... యజమానులో వాళ్ల పిల్లలో పిలుస్తారు. నేను వెళ్లి ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడి, కాగితాలు వెతికి, ఏది ఎప్పుడు జరిగిందో తేల్చి ఇస్తాను. ఈ కేసు 2016లోది. కుటుంబం సరేనన్నాకే రాస్తున్నాను. ఊరు, వీధి, యుద్ధకాలంలో వాళ్లను ఉంచిన నిర్బంధ క్యాంపు పేరు చెప్పను. చిన్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. సంవత్సరాలు మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఇక్కడ గొడవంతా సంవత్సరం గురించే.

నేపథ్యం

హోటల్ చిన్నది. పన్నెండు టేబుళ్లు, ఒక సుషీ కౌంటర్. అమెరికాలోని జపాన్ వాళ్లు తమ తరాలకు పేర్లు పెట్టుకున్నారు. వలస వచ్చినవాళ్లు ఇస్సే, వాళ్ల పిల్లలు నిసే, మనవలు సన్సే, మునిమనవలు యోన్సే. హోటల్ నడిపేది సన్సే తరం ఆవిడ, అప్పటికి 63 ఏళ్లు. వంటిల్లు చూసేది ఆమె కొడుకు. నిసే తరంలో మిగిలింది ఆమె మేనత్త ఒక్కరే, 88 ఏళ్లు. ఇక్కడ ఆవిణ్ణి పెద్దావిడ అంటాను.

ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథ ఇది. తాత 1906లో జపాన్ నుంచి వచ్చాడు. 1917లో సుషీ హోటల్ పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం పడమటి తీరంలోని జపాన్ వాళ్లందరినీ నిర్బంధ క్యాంపులకు తరలించినప్పుడు పక్క కొట్టు తెల్లాయన పొయ్యి, గిన్నెలు, తాళాలు అన్నీ జాగ్రత్తగా దాచి, తిరిగొచ్చాక వాళ్ల చేతిలో పెట్టాడు. మర్నాడే హోటల్ తెరిచారు. ఆ లెక్కన 2017కి నూరేళ్లు.

కొడుక్కి నూరేళ్ల పండగ చెయ్యాలని కోరిక. గోడ మీద పెద్ద ప్యానెల్, మెనూలో రెండు పేజీల చరిత్ర, ఊళ్లో పాత వ్యాపారాలకు ఇచ్చే గుర్తింపు కోసం దరఖాస్తు. బ్యానర్ డిజైన్ అప్పటికే అయిపోయింది. నన్ను పిలిచింది కొత్తగా ఏదో కనిపెట్టమని కాదు, ఉన్న కథని ‘నీట్‌గా’ రాసివ్వమని.

సమస్య

1917కి ఆధారం ఒక్కటే, గల్లాపెట్టె పైన వేలాడే ఫొటో. కొట్టు ముందు ఏప్రన్ కట్టుకుని తాత, పక్కన ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లాడు. ఫొటో వెనక సిరాతో జపనీస్‌లో ఒక ముక్క: ఆరో ఏడు, వసంతం, కొట్టు తెరిచాం. అంతే.

జపాన్‌లో సంవత్సరాలను చక్రవర్తి పాలన పేరుతో లెక్కిస్తారు. తైషో శకం 1912లో మొదలైంది కాబట్టి దాని ఆరో ఏడు 1917. షోవా శకం 1926 చివర్లో మొదలైంది, దాని ఆరో ఏడు 1931. ఫొటో వెనక శకం పేరు లేదు. ఆ రోజున రాసుకున్నాయనకు ఆ అవసరం ఏముంది? మన ఇళ్లలో పాత శుభలేఖ మీద ‘ప్రజోత్పత్తి నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటే అది 1931 అయినా కావచ్చు, 1991 అయినా కావచ్చు. కాగితాన్ని చూసి చెప్పాలి తప్ప అక్షరాన్ని చూసి చెప్పలేం. ఇక్కడ ఎప్పుడో ఒక బంధువు 1917 అన్నాడు, అదే నిలబడిపోయింది.

నాకు అనుమానం ఆ పిల్లాడి వల్ల వచ్చింది. ‘పక్కింటి పిల్లాడు అయ్యుంటాడు’ అన్నారు. నాకేమో ఆ చెవులు వంటింట్లో చేపలు కోస్తున్న కొడుకు చెవుల్లాగే కనిపించాయి. యజమానురాలి తండ్రి పుట్టింది 1922లో. ఆ పిల్లాడు ఆయనే అయితే ఫొటో 1917ది కానే కాదు.

ఆ రోజు నేను నోరు మెదపలేదు. చెవులు ఆధారం కాదు కదా. పైగా తేదీ సంగతి ముందే బయటపెడితే ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి, పెద్దావిణ్ణి ఎవరో ఒకరి వైపు సాక్ష్యం చెప్పమన్నట్టు అవుతుంది. ముందు కాగితాలు చూద్దాం అనుకున్నాను. సగం సరైన నిర్ణయం. మిగతా సగం ఎంత ఖరీదైందో చివర్లో చెబుతాను.

కాగితాలు చెప్పింది

అమెరికాలో జనగణన పత్రాలను 72 ఏళ్ల తర్వాత అందరికీ తెరుస్తారు. 1930వి 2002లో, 1940వి 2012లో వచ్చాయి. 1930లో తాత వృత్తి వంటవాడు, ఇంకొకరి దగ్గర జీతానికి. 1940లో రెస్టారెంట్, సొంత వ్యాపారం. మధ్యలో తేల్చడానికి ఊరి పాత డైరెక్టరీలు తిరగేశాను. ఏ వీధిలో ఏ నంబర్లో ఎవరున్నారో ఏటేటా అచ్చేసే లావుపాటి పుస్తకాలవి. తాత పేరు పక్కన కొట్టు మొదటిసారి కనిపించేది 1932 సంచికలో. కొట్టు తెరిచింది 1931లోనే అని తేలిపోయింది.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి. డైరెక్టరీలో ఉన్నది సుషీ హోటల్ కాదు, అమెరికన్ పేరుతో ఒక లంచ్ రూమ్. మెనూ కార్డు ముక్క ఒకటి ఇంట్లోనే దొరికింది: హామ్, గుడ్లు, బీఫ్ స్ట్యూ, ఆపిల్ పై, కాఫీ.

‘మా ముత్తాత ఆపిల్ పై అమ్మాడా?’ అన్నాడు కొడుకు, ఎవరో మోసం చేసినట్టుగా.

అమ్మాడు. ఆ కాలంలో పడమటి తీరంలో చాలామంది ఇస్సేలు చేసింది అదే. కూలీలకు, కార్మికులకు చవగ్గా అమెరికన్ భోజనం. పొలం వైపు దారి మూసుకుపోయింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లోనే చట్టం చేసింది. జపాన్ వాళ్లకు ఆ అర్హత లేదని సుప్రీంకోర్టు 1922లో తేల్చింది. మరుసటి ఏడే, అమెరికా పౌరసత్వం అడిగిన భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో భారతీయులకూ లేదంది. ఆ వరసలో మనవాళ్లూ నిలబడ్డారన్నమాట. ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని పొయ్యి పెట్టుకోవడానికి మాత్రం అడ్డు లేదు.

చెడిపోయిన రెండు ప్రయత్నాలు

పెద్దావిడతో నేను మామూలుగా చేసేదే చేశాను. ఆవిడ ఇంటి ముందు గదిలో రికార్డర్ పెట్టి, చిన్నతనం నుంచి వరసగా అడుగుతూ పోయాను. వరసగా అడిగితే ఒక జ్ఞాపకం ఇంకోదాన్ని లాక్కొస్తుంది. అంతకు ముందు ఒక బేకరీ కుటుంబంతో ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది.

ఇక్కడ మూడుసార్లు కూర్చున్నా ఏమీ రాలేదు.

‘హోటల్ మళ్లీ ఎప్పుడు తెరిచారు?’

‘యుద్ధం అయ్యాక.’

‘వెంటనేనా?’

‘అందరూ చాలా కష్టపడ్డారు.’

‘క్యాంపులో మీ నాన్నగారు ఏం చేసేవారు?’

‘షికాతా గా నాయ్’ అని టీ పొయ్యడానికి లేచింది. ‘ఏం చేస్తాం, తప్పదు’ అని దానర్థం. నిసే తరం పెద్దవాళ్లతో మాట్లాడేవాళ్లకు ఈ మాట బాగా అలవాటు.

ఎందుకు పని చెయ్యలేదో తర్వాత అర్థమైంది. వరసగా వెళ్తే 1942 రాక తప్పదు. ఆవిడకు అది మొదటి ప్రశ్నలోనే కనబడుతోంది. అందుకే 1936లో బడి గురించి అడిగినా ఆచితూచి చెప్పేది.

రెండో ప్రయత్నం చెడిపోవడం కాదు, నా తప్పు. 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశాక సుమారు 1,20,000 మందిని ఇళ్ల నుంచి తరలించారు. అందులో మూడింట రెండొంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే. క్యాంపులు నడిపిన శాఖ ఒక్కొక్కరి మీద ఒక ఫైలు పెట్టింది. అవి జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చనిపోయినవాళ్ల ఫైలు అయితే మరణానికి రుజువు చూపించి దగ్గరివాళ్లు తీసుకోవచ్చు. యజమానురాలు తన తండ్రి ఫైలు తెప్పించింది. నాకు కావలసింది ఆస్తుల పట్టిక: పొయ్యి, ఐస్ పెట్టె, స్టూళ్లు ఏమయ్యాయో. అది అందులో ఉంది. దాంతోపాటు 1943లో 17 ఏళ్లు నిండిన అందరి చేతా నింపించిన ప్రశ్నపత్రం కూడా ఉంది. అందులో 27, 28 ప్రశ్నలు: సైన్యంలో పనిచేస్తావా, అమెరికాకు విధేయుడిగా ఉంటావా. ఆ రెండు ప్రశ్నల మీద కుటుంబాలు విడిపోయాయి. ఆయన ఏం రాశారో ఇక్కడ చెప్పను. హోటల్ చరిత్రకు అది అక్కర్లేదు.

అక్కర్లేదని ఆ రోజు నాకూ తెలిసి ఉండాల్సింది. ఫైలు ముందురోజు సాయంత్రం అందింది, విడదీసే ఓపిక లేక మొత్తం అలాగే పెద్దావిడ ముందు పెట్టాను. పైన అన్నగారి చేతిరాత. ఆవిడ చూసి ఫైలు మూసేసింది.

‘ఇది నీకు ఎవరిచ్చారు?’

‘మీ మేనకోడలే.’

మేనకోడలు పక్కనే ఉంది. ఆమె కూడా అప్పటికి అన్ని పేజీలూ చదవలేదు. ఒక్క నిమిషంలో ఇద్దరినీ ఇబ్బంది పెట్టాను. ఇక మాట్లాడనని చెప్పింది పెద్దావిడ. పని ఆరు వారాలు ఆగిపోయింది.

నేను ఒక ఉత్తరం రాశాను. ఫోన్ చేస్తే ఆవిడ అప్పటికప్పుడు ఏదో ఒకటి అనాలి. ఉత్తరానికి జవాబు ఇవ్వకపోయినా పర్వాలేదు. క్షమించమన్నాను, ఆ పేజీలు వాడనన్నాను, నా దగ్గరున్న కాపీలు కవర్లో పెట్టి ఇంటివాళ్లకే ఇచ్చేశానని చెప్పాను. మళ్లీ కలుద్దామని మాత్రం అడగలేదు. అడిగితే క్షమాపణ కాస్తా బేరం అయిపోతుంది.

పని చేసింది

దారి చూపించింది యజమానురాలే. ‘ఆంటీ ప్రతి గురువారం పొద్దున్నే ఇక్కడికి ఊరగాయ పెట్టడానికి వస్తుంది. నువ్వు వచ్చి క్యాబేజీ తరుగు. రికార్డర్ తేవద్దు’ అంది.

వాళ్ల త్సుకెమోనో అంటే ఉప్పులో ఊరేసిన కూరలు. పొడుగు క్యాబేజీని నిలువుగా చీల్చి, పొర పొరకీ ఉప్పు రుద్ది, పైన రాయి బరువు పెడతారు. మా అమ్మమ్మ తెనాలిలో ఉసిరికాయ జాడీ మీద పెట్టే రాయి గురించి చెప్పాను. ఆ రాయి ఎంత బరువని అడిగింది పెద్దావిడ. మొదటి రెండు గురువారాలు మా మాటలు ఉప్పు, రాళ్లు, వేళ్ల మంట దాటలేదు.

మూడో గురువారం కుక్ పొద్దుటి టిఫిన్ చేస్తున్నాడు. వాళ్ల మెనూలో ఒక పాత వంటకం ఉంది: హాట్‌డాగ్‌లను పల్చటి చక్రాల్లా కోసి ఉల్లిపాయతో వేయించి, గుడ్డు కొట్టి, సోయాసాస్ చిలకరించి అన్నం మీద వేస్తారు. ఇలాంటివి జపనీస్ అమెరికన్ ఇళ్లలో చాలాచోట్ల ఉన్నాయి.

‘ఇది పిల్లల కోసం పెట్టిందా?’ అన్నాను.

‘కాదు. ఇది మా బ్లాకు మెస్ హాల్‌ది’ అంది, కత్తి ఆపకుండానే.

ఆ తర్వాత అడగాల్సిన పని పడలేదు. క్యాంపులో ఒక్కో బ్లాకుకి ఒక మెస్ హాల్, రెండు మూడు వందల మంది తినేవాళ్లు. వాళ్ల నాన్న అక్కడ వంటవాడు, నెలకు 16 డాలర్లు. క్యాంపుల్లో జీతాలు పని రకాన్ని బట్టి 12, 16, 19 డాలర్లే. డాక్టరుకైనా 19 దాటదు. వచ్చిన సాసేజీలు ఎప్పుడూ చాలేవి కావు, అందుకే అంత పల్చగా కోసేవాడట. పిల్లలు స్నేహితులతో వేరే బల్లల దగ్గర తినేవాళ్లు. ‘మూడేళ్లు మా ఇంట్లో అందరం ఒక్క బల్ల దగ్గర కూర్చుని తినలేదు’ అంది. లంచ్ రూమ్ వంటవాడు మెస్ హాల్ వంటవాడై, అక్కడి వంటకం మళ్లీ హోటల్ మెనూలోకి వచ్చింది. మధ్యలో తెగిపోయిందని నేననుకున్న చరిత్రలో వంట తెగలేదు.

తర్వాతి వారం మాంసం చుట్టే తెల్ల కాగితం మీద పాత వంటింటి పటం గీసి ఆవిడ ముందు పెట్టాను. సంవత్సరాల జోలికి పోకుండా వస్తువుల జాగా మాత్రం అడగాలని. ‘పొయ్యి తలుపుకి ఎడమ పక్క కదా?’

‘మొదటి కొట్టులో ఎడమ పక్క. రెండో కొట్టులో కుడి పక్క. అది వేరే పొయ్యి.’

ఇంటి కథలో రెండో కొట్టు లేదు, వేరే పొయ్యి లేదు. చేతులు తుడుచుకుని పెన్సిల్ తీసుకుని రెండో పటం ఆవిడే గీసింది. పక్క కొట్టు ఆయన పొయ్యిని, ఐస్ పెట్టెని 1942 ఏప్రిల్‌లో 75 డాలర్లకు కొనుక్కున్నాడు. వారం రోజుల్లో ఖాళీ చెయ్యమన్నప్పుడు ఎంతిస్తే అంతే. అదే మనిషి ఒక ట్రంకు పెట్టెని మాత్రం మూడున్నరేళ్లు తన ఇంట్లో ఊరికే ఉంచి, వాళ్లు తిరిగొచ్చాక స్వయంగా మోసుకొచ్చి ఇచ్చాడు. కత్తులు, ఒక గరిటె, ఇప్పుడు గల్లాపెట్టె పైనున్న ఫొటో అందులోవే. ఆ పిల్లాడు ఎవరని అప్పుడు అడిగాను. ‘మా అన్నయ్య’ అంది, అది కూడా తెలియదా అన్నట్టు. 75 డాలర్ల మాట ఆస్తుల పట్టికతో సరిపోయింది. నష్టపరిహారం కోసం 1948 చట్టం కింద వాళ్లు పెట్టుకున్న అర్జీలోనూ అదే అంకె. అడిగినదాంట్లో కొంతే వచ్చింది.

మర్నాడే హోటల్ తెరవడమూ జరగలేదు. 1945 జనవరి నుంచి తీరానికి తిరిగి రావచ్చన్నారు. క్యాంపు వదిలేవాళ్లకు 25 డాలర్లు, ఒక రైలు టికెట్. వీళ్లు ఆ ఏడు శరత్కాలంలో వచ్చి బౌద్ధ మందిరం హాల్లో పడుకున్నారు. తాత తోటపనికి, అవ్వ ఇళ్లలో పనికి వెళ్లారు. మరి హోటల్‌కి డబ్బు ఎక్కడిది? బ్యాంకు ఇచ్చే పరిస్థితి లేదు.

జవాబు సొరుగులోనే ఉంది, ఒక లెక్కల పుస్తకం. అంతకుముందు దాన్ని చదివిన అనువాదకుడు ‘కస్టమర్ల అప్పు ఖాతా’ అన్నాడు. పేర్లు, ప్రతి పేరు ఎదురుగా నెలనెలా ఒకే మొత్తం, నెలకో పేరు చుట్టూ సున్నా. కస్టమర్లయితే అందరూ ప్రతి నెలా ఒకే మొత్తానికి ఎలా తింటారు? మా అమ్మ చిట్టీల పుస్తకం సరిగ్గా ఇలాగే ఉండేది. సున్నా చుట్టిన పేరు ఆ నెల పాట ఎత్తుకున్నవాళ్లది. పెద్దావిణ్ణి అడిగితే ‘తనొమోషి’ అంది. నమ్మకం మీద నలుగురూ డబ్బు పోగేసి వంతులవారీగా తీసుకునే పాత పద్ధతి. షోవా 21 ఫిబ్రవరిలో, అంటే 1946లో మొదలైన ఆ చిట్టీలో వీళ్ల పేరుకి సున్నా పడింది పద్నాలుగో నెలలో, 1947 మార్చిలో. కొత్త వీధిలో అద్దె ఒప్పందం ఏప్రిల్‌లో. ఈసారి పుస్తకంలో శకం పేరు శుభ్రంగా రాసి ఉంది, అదొక సంతోషం.

ఆ తర్వాతి కథ త్వరగానే సాగింది. యాభైల్లో సుకియాకి, తెరియాకి, చాప్ సూయీ లాంటి వంటకాలు. సుషీ కౌంటర్ 1981లో కానీ రాలేదు. 1988 చట్టం కింద ప్రభుత్వం క్షమాపణ చెప్పి బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. పెద్దావిడ తన చెక్కుతో వంటింట్లో పెద్ద వాక్-ఇన్ ఫ్రిజ్ పెట్టించింది. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఏం రాయాలి?

మూడు తేదీల్లో 1917 పోయింది. ఊరి గుర్తింపుకి వ్యాపారం ఆగకుండా నడిచి ఉండాలి కాబట్టి కొడుకు 1947 చాలన్నాడు. 1931 వదలడానికి తల్లి ఒప్పుకోలేదు. దరఖాస్తులో 1947 రాద్దామని, గోడ మీద ‘1931–1942, 1947 నుంచి’ అని రాద్దామని నేనన్నాను. ఉట్టి 1931 అని రాస్తే ఆ అయిదేళ్లు కొట్టు నడిచినట్టే అవుతుంది. ఉట్టి 1947 అంటే లంచ్ రూమ్ లేనట్టే. మధ్య ఖాళీ కనబడితే చదివేవాడు ఎందుకని అడుగుతాడు.

అసలు పేచీ పక్క కొట్టు ఆయన దగ్గర వచ్చింది. ఆయన మనవడు ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం వచ్చి తింటాడు. 75 డాలర్ల సంగతి తీసేసి ట్రంకు సంగతి ఉంచుదామంది యజమానురాలు. మరీ అన్యాయమైన కోరికేం కాదు. కానీ పొయ్యి అమ్ముడుపోయిందని చెప్పకపోతే చిట్టీ ఎందుకు కట్టాల్సి వచ్చిందో అర్థం కాదు. పెద్దావిణ్ణే అడిగాం. ‘రెండూ రాయండి. రెండూ చేసింది ఆయనే కదా’ అంది.

గోడకు ఎక్కించే ముందు ఆ వాక్యాలు మనవడికి చూపించమన్నాను. చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత ‘ఆ పొయ్యి మా గారేజీలో ఉండేది. ఎవరిదో మాకెవరికీ తెలియదు’ అన్నాడట.

ఇప్పుడు నేను చేసే తేడాలు

ఫైలు అందగానే పేజీలు విడదీస్తాను. వారసులు చదవని పేజీ ఏదీ నా సంచిలో ఇంకొకరి ముందుకు వెళ్లదు. హోటల్ కేసుల్లో మొదటి పని వంటింటి పటం, పుట్టిన తేదీ నుంచి మొదలుపెట్టే ఇంటర్వ్యూ కాదు. పాత లెక్కల పుస్తకాన్ని అనువాదకుడికి ఒక్కడికే వదలను. డబ్బు అలా చేతులు మారడం చూసిన మనిషినెవర్నైనా పక్కన కూర్చోబెడతాను.

ఇంకోటి, తేదీ మీద అనుమానం ఉంటే ఆధారం దొరికేదాకా ఆగను. ‘ఇది తేలేదాకా ఏదీ అచ్చు వెయ్యకండి’ అని మాత్రం మొదటి రోజే చెబుతాను, కారణం తర్వాత చెప్పొచ్చు. ఈ కేసులో నేను చెవుల సంగతి కడుపులో పెట్టుకుని తిరిగిన వారాల్లోనే కొడుకు ‘1917 నుంచి’ అని రెండు వందల కప్పులు అచ్చేయించాడు. డబ్బు నా ఫీజులో తగ్గించుకోమన్నాను, ఒప్పుకోలేదు. కిందటి గురువారం వెళ్తే పెద్దావిడ ఆ కప్పుల్లో ఒకదానితో ఉప్పు కొలుస్తోంది.